చక్కులో రెండో దవడ

తిరిగే ఇనుము పట్టు వదిలి ఎగిరొచ్చి తన చంటిపిల్లకి తగులుతుందేమోనని నన్ను చేసిన భ్రమరాంబకి భయం. అన్నిటికంటే పెద్ద భయం అదే. ఆ భయంలోంచే నేను పుట్టాను.

నేను ఒక దవడను. లేత్ మిషన్‌కి ముందు గిర్రున తిరిగే చక్కులో మేం ముగ్గురం ఉంటాం. కోయాల్సిన ఇనుమును మూడు వైపులా పట్టుకుని కదలనివ్వకపోవడమే మా ఉద్యోగం.

తెనాలి బైపాసు పక్కన వీరాచారి షెడ్డు. ఆయనకి చూపు మందగించింది. కొడుకు ట్రాక్టర్ల రిపేర్లకని ఊళ్ళు పట్టుకు తిరుగుతాడు. అందుకని తొమ్మిదో తరగతిలోనే బడి మానేసిన కోడలు భ్రమరాంబ మిషన్ ముందు నిలబడింది. పిల్ల ఉయ్యాల ఎదురుగానే. చక్కులోని పాత దవడల మూతులు అరిగి విచ్చుకుపోయాయి. ఒకరోజు కోతకి బిగించిన షాఫ్టు, లావుపాటి ఇనుప కడ్డీ, వాటి పట్టులోంచి జారి, గోడకి కొట్టుకుని, ఉయ్యాల కిందికి దొర్లింది. పిల్ల నిద్ర కూడా లేవలేదు. భ్రమరాంబ మాత్రం స్విచ్చి కట్టేసి, ఆ దవడలతో మళ్ళీ వెయ్యలేదు.

"రేకు ముక్క అడ్డం పెట్టి బిగించమ్మాయ్. ఇన్నేళ్ళూ నేనట్టాగే లాక్కొచ్చా" అన్నాడు వీరాచారి.

"లాక్కొచ్చారు గనకేగా మావయ్యా, మీ బొటనేలికి గోరు లేంది."

"పోనీ ఉయ్యాల అవతలికి జరుపు."

"జరుపుతా. మరి నేనెటు జరగను? మిషన్ ముందు నిలబడేది మనిషి కాదా?"

మనుషులు చిత్రమైనవాళ్ళు. దెబ్బ తగలనంతకాలం నిర్లక్ష్యాన్ని అనుభవం అని పిలుచుకుంటారు.

ఆ షాఫ్టు కోసం వచ్చి కూర్చున్న రైతు చేతికి పిల్లనిచ్చి బయటికి పంపి, భ్రమరాంబ మెత్తటి ఇనుప దిమ్మలు రంపంతో కోసింది, ఆకురాయితో సాపు చేసింది. మొదట చేసిన మూడూ పాడయ్యాయి. మధ్యలో ఏమీ బిగించకుండా ఖాళీ చక్కులోనే మూతులు కోసింది కాబట్టి, ఇనుము బిగించగానే అవి మళ్ళీ విచ్చుకున్నాయి. వీరాచారి నవ్వాడు. రైతు, "అమ్మా, పిల్ల నా పంచె తడిపింది" అన్నాడు.

ఆమె వాటిని తుక్కులో పడేసి మళ్ళీ మొదలెట్టింది. ఈసారి మా ముగ్గురి మధ్యా ఒక ఇనుప కడియం గట్టిగా బిగించి, ఆ బిగువులోనే మా మూతులు గుండ్రంగా కోసింది. నేను రెండోదాన్ని. ఆ తరవాత మేం పట్టినది ఏదీ వదల్లేదు.

లావు కడ్డీ పని వచ్చినప్పుడల్లా మా మూతులు ఇంకాస్త కోసేది. అలా సన్నబడి, చివరికి తుక్కుబండి ఎక్కాను. నన్ను విప్పిన రోజు వీరాచారి, "కొత్తవి అయ్యేదాకా మూల పడున్న ఆ అరిగిన పాతవే బిగించు. రెండు రోజులేగా" అన్నాడు. ఆమె ఏమందో వినేలోపే బండి కదిలింది.

నేను అరిగిపోయాను గాని లొంగలేదు. ఆమె కూడా లొంగి ఉండదు. అయినా మీరు బైపాసు వైపు వెళ్తే ఒకసారి ఆ షెడ్డు దగ్గర ఆగండి. బాగున్నావా అంటే బాగున్నాననే అంటుంది, ఆ మాట పట్టుకుని వచ్చేయకండి. చక్కులో ఏ దవడలున్నాయో చూసి, భ్రమరాంబని చూసి రండి.