ఐదో గడిలో నలభై ఒకటి

పాత స్పోర్ట్స్ కారు కొనాలనుకునేవాళ్లు ముందు నా వర్క్‌షాపుకి వస్తారు. కారు కంప్యూటర్‌కి వైరు తగిలించి, అది ఇన్నేళ్లూ దాచుకున్నదంతా కక్కించి, దాని అర్థం చెప్పడం నా పని. యజమానులు అబద్ధం చెబుతారు, కంప్యూటర్ చెప్పదు. ఈ మాట వాళ్ల మొహం మీదే అనేస్తాను కాబట్టి నాకు పని ఎక్కువ, స్నేహితులు తక్కువ.

ఆ శనివారం పొద్దున వచ్చిన కారు మా బాబాయిది.

బాబాయిని అందరూ గేరు మాస్టారు అంటారు. నలభై ఏళ్లు డ్రైవింగ్ స్కూలు నడిపాడు. రిటైరయిన రోజున ఈ ఎర్ర కారు కొత్తది కొన్నాడు. పదేళ్లు దాన్ని ఇంకొకరిని నడపనివ్వలేదు. ఇప్పుడు ఎడమ మోకాలు మొరాయించి క్లచ్ తొక్కనివ్వడం లేదు కాబట్టి అమ్మకానికి పెట్టాడు. కొనడానికి వచ్చిన పళ్ల డాక్టరమ్మ కూడా ఒకప్పుడు ఆయన దగ్గర నేర్చుకున్న మనిషే. పిన్ని ఓ మూల కుర్చీలో కూర్చుని వేరుశెనగలు ఒలుచుకు తింటోంది.

"చూడమ్మా డాక్టరూ, నా చేతిలో ఒక్క గేరు తప్పు పడి ఉంటే ఈ మీసం తీసేస్తా," అన్నాడు బాబాయి.

రిపోర్టు తెర మీదికి వచ్చింది. నేను చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను.

ఇంజను హద్దు మీరి తిరిగినప్పుడల్లా ఈ కంప్యూటర్ లెక్క రాసుకుంటుంది. ఎంత మీరిందన్నదాన్ని బట్టి ఆరు గడులు. మొదటి మూడూ ఏమీ కాదు, ఉత్సాహం కొద్దీ ఎక్సిలేటర్ గట్టిగా తొక్కితే నిండుతాయి. అంతకు మించి పోనివ్వకుండా ఇంజనే తనను తాను ఆపుకుంటుంది. నాలుగు నుంచి పైగడులు మాత్రం ఎక్సిలేటర్‌తో నిండవు. కారు జోరు మీద ఉండగా పొరపాటున బాగా కింది గేరులో వేస్తే చక్రాలే ఇంజన్ని జుట్టు పట్టుకుని తిప్పుతాయి. అప్పుడే ఆ గడుల్లో అంకె పడుతుంది.

ఐదో గడిలో నలభై ఒకటి ఉంది.

సొంత బాబాయి కదా అని మింగేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ నా నోట్లో నువ్వుగింజ నానదు. చెప్పేశాను.

"నీ మిషను పాడైంది," అన్నాడు బాబాయి.

"మిషను బాగానే ఉంది బాబాయ్. ఇది ఒక్కసారే, ఇంజను నడిచిన రెండు వందల పన్నెండో గంటలో జరిగింది. ఇప్పటికి పదకొండు వందల నలభై గంటలు నడిచింది. దెబ్బ తినాల్సింది ఉంటే ఎప్పుడో తినేది. డాక్టర్ గారూ, ఇంజనుకి నాది పూచీ."

"నాకేం అభ్యంతరం లేదు, తీసుకుంటాను," అంది డాక్టరమ్మ వెంటనే.

"నేనివ్వను!" అన్నాడు బాబాయి. "నా పేరు మీద ఈ మచ్చ ఉండగా తాళం నీ చేతిలో పెట్టను. పుస్తకం తీయండి."

బాబాయి పుస్తకం గురించి చెప్పాలి. డ్రైవింగ్ స్కూలు అలవాటు పోక, బయటికి తీసిన ప్రతిసారీ తేదీ, బయలుదేరేటప్పుడు మీటరు, తిరిగొచ్చాక మీటరు, ఎంతసేపు, డ్రైవరు ఎవరు అని గీతలు గీసి రాస్తాడు. డ్రైవరు గడిలో పదేళ్లుగా 'నేను' తప్ప ఇంకో మాట లేదు.

"పుస్తకం ఇప్పుడెందుకులే," అంది పిన్ని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అక్కడే మొదలైంది, కానీ నేను గమనించలేదు.

రెండు వందల ఎనిమిదో గంటలో సర్వీసు చేసింది నేనే. అక్కడి నుంచి ఒక్కో ప్రయాణం కూడుకుంటూ పోయాను. రెండు గంటలు, తర్వాత గంటన్నర. మొత్తం రెండు వందల పదకొండున్నర. ఆ తర్వాత పది రోజులు ఖాళీ. ఎనిమిదేళ్ల కిందట బాబాయి కళ్ల ఆపరేషన్ అయి, కట్టుతో ఆసుపత్రిలో ఉన్న రోజులు. పై వరుసలో ఆఖరి మీటరుకీ, కింది వరుసలో మొదటి మీటరుకీ మధ్య ఇరవై మూడు కిలోమీటర్లు తేడా. మీటరు ఏం చూపిస్తే అది శ్రద్ధగా రాశాడే తప్ప, పై వరుసతో పోల్చి చూసుకోలేదు మహానుభావుడు. ఇంకెవరూ నడపని కారుకి పోల్చుకోవడం దేనికనుకున్నాడు.

నేను ఎగిరి గంతేశాను. "చూశావా బాబాయ్, నువ్వు కాదు!"

ఆయన మొహం వెలగలేదు. ఇంకా వాడిపోయింది.

"తాళం నా దగ్గరా ఇంట్లోనూ తప్ప ఎక్కడుంది? కట్టు విప్పాక నేనే తీసుకెళ్లి ఉంటాను. రాయడం మర్చిపోయాను. గేరు తప్పిందీ మర్చిపోయాను." మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. "ఈ మధ్య కళ్లజోడు నెత్తిన పెట్టుకునే వెతుకుతున్నాను. మోకాలే అనుకున్నాను, బుర్ర ఎనిమిదేళ్ల కిందటే పోయిందన్నమాట. ఇక లైసెన్సు కూడా తిరిగిచ్చేస్తాను."

నవ్వుతూ అన్నాడు గానీ, పుస్తకం తీసుకుని ఆ రెండు వరుసల మధ్యే వేలితో మళ్లీ మళ్లీ తడిమాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఎందుకొచ్చిన రిపోర్టు, నా నోటికి తాళం వేసుకోకపోయానా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

పిన్ని ఒళ్లోని తొక్కలు దులుపుకుని లేచింది.

"మీ బుర్రకేం కాలేదు. ఆ కారు తీసింది నేను."

బాబాయి కుర్చీలోనే ఆమె వైపు తిరిగాడు.

"నువ్వా? నీకు డ్రైవింగ్ ఎక్కడొచ్చే? మూడో పాఠంలోనే వద్దని దింపేశాను కదా!"

"దింపేశారు. మర్నాడే ఎదురుగా ఉన్న స్కూల్లో చేరాను. లైసెన్సు కుట్టుమిషను సొరుగులో ఉంది. గడువు తీరినప్పుడల్లా మళ్లీ చేయిస్తూనే ఉన్నాను."

ఊరందరికీ నేర్పిన మనిషి ఇంట్లో మాత్రం ఓడిపోయాడు. డాక్టరమ్మ రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బ్యాటరీ పడుకోకుండా రోజూ పది నిమిషాలు స్టార్ట్ చేయమన్నారుగా. చేశాను. షెడ్డు తలుపు తీసే ఉంది, రోడ్డు ఖాళీగా ఉంది. వెనక్కి వచ్చేటప్పుడు ఐదులోంచి నాలుగనుకుని రెండులో వేశాను. బండి గావుకేక పెట్టింది. క్లచ్ తొక్కేశాను. అంతే. తిడతారని చెప్పలేదు."

బాబాయి తిట్టలేదు. తెర వైపు తిరిగాడు. "నలభై ఒకటంటే ఎంతసేపమ్మా?"

"ఆరు సిలిండర్లు. ఎన్నిసార్లు నిప్పు రాజుకుందో ఆ లెక్క అది. ఆ జోరులో సెకనుకి నాలుగొందలకు పైనే. అంటే..."

"సెకనులో పదో వంతు!" బాబాయి లేచి నిలబడ్డాడు, మోకాలు సంగతి మర్చిపోయి. "పదో వంతులో తప్పు తెలుసుకుని క్లచ్ తొక్కిందా! డాక్టరూ, నువ్వైతే కేక పెట్టి స్టీరింగ్ వదిలేసేదానివి."

"నిజమే మాస్టారూ, వదిలేశాను కూడా, గుర్తుందా?" అంది డాక్టరమ్మ. తర్వాత పర్సు సర్దుకుంది. "ఇక ఈ కారు నాకు రాదని అర్థమైంది. పిన్నిగారి మోకాళ్లు బాగున్నట్టున్నాయి."

బాబాయి పెన్ను తీసి, ఆ రెండు వరుసల మధ్య సందులో సన్నటి అక్షరాలతో రాయడం మొదలుపెట్టాడు. ఇరవై మూడు కిలోమీటర్లు. డ్రైవరు గడిలో మా పిన్ని పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాడు.

"ఎక్కడికి వెళ్లావో చెప్పు, అదీ రాస్తా."

"ఇంకెక్కడికి? ఆసుపత్రికే. చూసే వేళ అయిపోయిందని లోపలికి రానివ్వలేదు. మీ కిటికీ కింద ఆపి, ఓసారి ఇంజను గట్టిగా రేపి వచ్చేశాను. కళ్లకి కట్టుందిగా, చెవులకైనా వినపడుతుందని."

బాబాయి పెన్ను ఆగిపోయింది.

"నేను విన్నాను," అన్నాడు. "అది నా కారేనని నర్సుతో పోట్లాడాను. మందుల మత్తు అంది. మర్నాడు నీకు చెబితే నువ్వూ అదే అన్నావు కదే!"

"మరేమంటాను?"

"నాకే భ్రమ అనుకున్నాను, ఇన్నేళ్లూ." కళ్లు తుడుచుకుని, తాళం తీసి పిన్ని చేతిలో పెట్టాడు. "పద. ఐదు నుంచి నాలుగు ఎలా వేయాలో చూపిస్తా."