పిర్రో శిష్యుడు

మా ఆయన ఆదినారాయణ ప్రొద్దుటూరులో ఒక డిగ్రీ కాలేజీలో తత్త్వశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం పిర్రోనిజం. పిర్రో అనే గ్రీకు మనిషి అలెగ్జాండర్ సైన్యం వెంట మన దేశానికి వచ్చి, ఇక్కడి దిగంబర సన్యాసులతో తిరిగాడట. ఏ వస్తువూ నిజంగా ఎలాంటిదో మనకు తెలియదు, ఎలా కనబడుతుందో మాత్రమే తెలుస్తుంది అన్నాడట. ఆ అనుమానానికి అతని పేరే నిలిచిపోయింది. తేనె తియ్యగా ఉంది అనకూడదు, తియ్యగా అనిపిస్తోంది అనాలి. అలా తీర్పు ఆపుకున్నవాడి మనసు నెమ్మదిస్తుందని మా ఆయన చెప్పేవారు. ఇంట్లో మాత్రం పప్పులో ఉప్పు తక్కువైంది అనే అనేవారు. అనిపిస్తోంది అని ఎన్నడూ అనలేదు.

మా ఎదురింటి రషీదా జాకెట్లు కుడుతుంది. ఆమె కొడుకు మక్బూల్‌ను పోయిన ఏడాది పోలీసులు పట్టుకుపోయారు. పులివెందులలో ఒక సాయంత్రం ఎవరినో కొడవళ్లతో నరికారు. ఆ గుంపులో మక్బూల్ ఉన్నాడని కేసు. అదే సాయంత్రం మా ఆయన జమ్మలమడుగు నుంచి బస్సులో వస్తూ మక్బూల్ పక్కనే కూర్చున్నారు. దారి పొడుగునా వాడు తన కొత్త ఫోను చూపించాడని ఇంటికి రాగానే నాతో చెప్పారు కూడా. కోర్టులో ఆ మాటే చెప్తానని రషీదాకు మాటిచ్చారు.

కోర్టుకు ముందు వారం తెల్లచొక్కాల మనుషులిద్దరు మా ఇంటికి వచ్చారు. కాఫీ తాగారు. మా అమ్మాయి నందిని కడపలో ఏ హాస్టల్లో ఉంటుందో మర్యాదగా అడిగి వెళ్లారు. ఆ తర్వాత ఆయన పాత పాఠ్యపుస్తకం తీశారు. సాయంత్రం వెలుతురులో కళ్లు మోసం చేస్తాయన్నారు. ఫోను చూశారు కదా అని గుర్తుచేశాను. ఎవరిదో ఫోను చూశానన్నారు.

"భయమైతాందని చెప్పండి, నాకూ అయితాంది. మధ్యన పిర్రో ఎందుకు?" అన్నాను. ఆయన పేజీ తిప్పారు.

కోర్టులో మొదట ఆ బస్సు కండక్టరును పిలిచారు. "మాకేం తెల్దు సార్" అని ఒక్క ముక్కలో దిగిపోయాడు. మా ప్రాంతంలో సాక్షులు మామూలుగా అనే మాటే అది. తర్వాత మా ఆయన బోనెక్కారు.

"నా పక్కన ఒక అబ్బాయి కూర్చున్నాడు. మక్బూల్ మాదిరి కనబడినాడు. సాయంత్రం వెలుతురు. వాడే అని చెప్పలేను."

లాయరు తిప్పి తిప్పి అడిగినా అదే చెప్పారు. కండక్టరు మాటకూ ఆయన మాటకూ పొడవులో తప్ప తేడా నాకు తెలియలేదు. బయటికొచ్చాక లాయరు రషీదాతో, ఇక పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదన్నాడు.

తిరుగు బస్సులో రషీదా మా ముందు సీట్లోనే కూర్చుంది. కొంత దూరం పోయాక వెనక్కి తిరిగి ఆయన్ను చూసింది.

"సార్, నేనెవురు?"

"రషీదావే కదమ్మా" అన్నారాయన.

"శానా జల్దీ గుర్తుపట్టినారే. ఇది గూడా సాయంత్రమే గదా."

బస్సులో కొందరు తలలు తిప్పారు. నేను లేచి రషీదా పక్కకు వెళ్లాను. ఆమె సీటు మీద పెట్టిన సంచి తీయలేదు. వెనక ఆయన పక్కన ఖాళీ ఉంది. ప్రొద్దుటూరు వచ్చేదాకా నేను కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నాను.