పేరు రాయడానికి చోటు

జీతాలకు డబ్బివ్వరట! ఆ మాట విన్న రోజే నాకు ఒళ్ళు మండిపోయింది.

మా సెంటర్‌లో పక్షవాతం వచ్చినవాళ్ళ చేత ఎక్సర్‌సైజులు చేయిస్తారు. ఊడ్చేదీ టీ పెట్టేదీ నేను. చేయించేది మాత్రం ఒకే ఒక్క అమ్మాయి. ఆ అమ్మాయి జీతం ఊళ్ళోని ఫౌండేషన్ ఇచ్చే గ్రాంటులోంచి వచ్చేది. ఈ ఏడు వాళ్ళు పద్ధతి మార్చారు. ఇచ్చింది కంటికి కనబడాలట, దాని మీద వాళ్ళ పేరు రాయడానికి చోటుండాలట. అయితే ఆ అమ్మాయి వీపు మీద రాయించుకోండి అనాలనిపించింది. సెంటర్ మేడమ్ కాళ్ళావేళ్ళా పడితే, సరే ఒకసారి వచ్చి చూస్తామన్నారు.

అక్కడికి వచ్చేవాళ్ళలో మా బావ ఒకడు. కటింగ్ షాపు ఆయనది. కుడివైపు పడిపోయి మంచాన పడ్డవాడు, ఆ అమ్మాయి చేతిలో పడ్డాక లేచాడు, కర్ర పట్టాడు, ఈమధ్య కర్ర వదిలేసి గోడ పట్టుకుని నడుస్తున్నాడు. "ఇంకొన్నాళ్ళు మానకుండా చేస్తే మళ్ళీ షాపులో నిలబడతారు బాబాయ్" అంది ఆ అమ్మాయి. నిలబడందే కటింగ్ ఎలా చేస్తాడు? ఆ ఒక్క మాట పట్టుకునే మా అక్క షాపు ఖాళీ చేయకుండా అద్దె కడుతూ నెట్టుకొస్తోంది.

ఫౌండేషన్ వాళ్ళు వచ్చే రోజు పొద్దున్నే మేడమ్ ఎక్కడి నుంచో తుప్పుపట్టిన చక్రాల కుర్చీ ఒకటి తెప్పించింది. బావను అందులో కూర్చోమంది.

"నడిచేవాణ్ణి చూస్తే వాళ్ళకి జాలెందుకు పుడుతుంది? కదల్లేరని చూపిస్తాను. ఈ అమ్మాయి ఉంటేనే లేస్తారని చెబుతాను."

"లేచినవాణ్ణి చూపించాలి గానీ ఇదేం పని మేడమ్?" అన్నాను.

"నీకు తెలీదు, ఊరుకో. వీళ్ళని ఏళ్ళ తరబడి చూస్తున్నాను."

ఆ అమ్మాయి ఉద్యోగం నిలుస్తుందంటే బావ దేనికైనా సిద్ధమే. బుద్ధిగా కూర్చున్నాడు.

"పెళ్ళిలో కూడా ఇంత కుదురుగా కూర్చోలేదే మరదలా!"

"అప్పుడు పక్కన మా అక్క ఉంది. భయంతో వణుకుతూ కూర్చున్నావులే బావా."

ఫౌండేషన్ ఆవిడ ఫోటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. "అయ్యో పాపం" అంటూ బావ పడిపోయిన చేతిని పట్టుకుని ఫోటో దిగింది. దిగడం ఆలస్యం, బ్యాగులోంచి శానిటైజర్ సీసా తీసి చేతులు రుద్దుకుంది. బావ చూస్తూనే ఉన్నాడు.

మేడమ్ ఆ అమ్మాయి గురించి ఒకటే చెబుతోంది. ఫౌండేషన్ ఆవిడ చూపంతా కుర్చీ మీదే.

"ఈ తుప్పు కుర్చీలోనా కూర్చోబెట్టేది? కొత్తవి ఇస్తాం. ఇక్కడికొచ్చే వాళ్ళందరికీ ఇస్తాం!"

మేడమ్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. "అది కాదండీ, ఈ అమ్మాయి జీతం..."

"జీతాలకి బోర్డు ఒప్పుకోదమ్మా. కుర్చీ అయితే వెనకాల మా నాన్నగారి పేరు చక్కగా పడుతుంది."

బావ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. పళ్ళ బిగువున లేచాడు. కుడికాలు ఈడ్చుకుంటూ, గోడ కూడా పట్టుకోకుండా ఆవిడ ముందుకు నడిచి వెళ్ళాడు.

"నాకు కుర్చీ వద్దమ్మా. ఈ పిల్లని ఉంచండి చాలు."

"అబ్బ, ఎంత పట్టుదలో!" అని ఆవిడ మురిసిపోయింది.

"తాతగారూ, ఒక్కసారి మళ్ళీ కూర్చోండి. ఇందాక కుర్చీ పూర్తిగా రాలేదు" అన్నాడు ఫోటోగ్రాఫర్.

ఛీ, ఏం మనుషులు! మేడమ్ కళ్ళతోనే బతిమాలుకుంది. బావ కాలు ఈడ్చుకుంటూ వెళ్ళి మళ్ళీ కూర్చున్నాడు.

"కాదంటే మళ్ళీ గడప తొక్కనివ్వరు" అంది మేడమ్ తర్వాత, నా మొహం చూడలేక. ఆవిడ మీదా అసహ్యం వేసింది.

నెల తిరక్కుండానే ఆ అమ్మాయి వేరే ఊళ్ళో పెద్ద ఆసుపత్రిలో చేరిపోయింది. చేరక ఏం చేస్తుంది, తనకూ ఇల్లుంది. అక్క ఇంట్లో తనకొచ్చినట్టు బావ చేత చేయించబోయింది. ఒకరోజు ఇద్దరూ కలిసి కింద పడ్డారు. ఆ దెబ్బకి భయం పట్టుకుని బావ మళ్ళీ మంచం దిగలేదు. అక్క షాపు తాళాలు ఇచ్చేసింది.

కుర్చీలు పంచే రోజు హాలు నిండా జనం. బావను ఇద్దరు మనుషులు మోసుకొచ్చి కొత్త కుర్చీలో కూర్చోబెట్టారు. ఫౌండేషన్ ఆవిడ మైకు ఆయన నోటి దగ్గర పెట్టింది.

"ఎలా ఉందో రెండు మాటలు చెప్పండి తాతగారూ."

బావ ఎడమచేత్తో కుర్చీని అటూ ఇటూ తడిమాడు.

"బాగుందమ్మా. ఇక లేవాల్సిన పనే లేదు."

హాలంతా చప్పట్లు మోగిపోయాయి. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.