వంటింటి వైపు కొమ్మ

"నీళ్ళు పోశావా?"

తెల్లారి లేచి మొరియో పెళ్ళాన్ని అడిగే మొదటి మాట అదే. పోసింది. చిజురు ఎప్పుడు పోయలేదు గనక! జపాన్‌లో, ఒమియాలోని ఆ బోన్సాయ్ తోటలో బల్లల మీదున్న మరుగుజ్జు చెట్లన్నీ లోతులేని కుండీల్లో బతికేవే. వేసవిలో ఒక్క పూట తప్పితే ఆకులు మాడిపోతాయి. అందుకే పుట్టింటికి వెళ్ళినా చీకటి పడేలోపు తిరిగొచ్చేది. తల్లి పోయిన రోజు కూడా అంతే. "చెట్లకి చావులూ పెళ్ళిళ్ళూ తెలుస్తాయా?" అంది అత్తగారు.

పని నేర్చుకోవడానికొచ్చే శిష్యులూ మొదట నీళ్ళే పోస్తారు. మూడేళ్ళు పోశాక మొరియో వాళ్ళ చేతికి కొమ్మలు దిద్దే కత్తెర ఇస్తాడు. ఆ రోజు ఎర్రగింజలు కలిపిన పండగ అన్నం వండి పెట్టేది చిజురే. ఎంతమందికి వండిందో! తన చేతికి మాత్రం నీళ్ళ గొట్టమే మిగిలింది. "ఇంటిదానివి, నీకెందుకే కత్తెర?" అని నవ్వేవాడు మొరియో. అదేదో ముద్దుమాట అనుకుని తనూ నవ్వేది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

స్నానాలగది వెనక గులకరాళ్ళ మధ్య ఓ మేపుల్ మొక్క తనంతట తాను మొలిస్తే, బీటవారిన గిన్నెలో పెట్టుకుంది. వంటింటి కత్తెరతో కొమ్మలు దిద్దింది, గోళ్ళతో చిగుళ్ళు గిల్లింది. కింది కొమ్మ ఒకటి కాండానికి అడ్డంగా, వంటింటి కిటికీ వైపు సాగింది. కొయ్యబుద్ధి కాలేదు. అంట్లు తోముతూ తలెత్తితే ఆ అయిదు వేళ్ళ ఆకులు కనిపించేవి. ఈ ఇంట్లో తన వైపు తిరిగింది అదొక్కటే అనిపించేది.

ఆ ఆదివారం మొరియో కొత్తగా నేర్చుకునేవాళ్ళకి పాఠం పెట్టాడు. టీ పళ్ళెంతో వచ్చిన చిజురు గుమ్మంలోనే ఆగిపోయింది. బల్ల మీద తన మేపుల్!

"మేపుల్‌తో మొదలుపెట్టేవాళ్ళు ముందు తప్పు కొమ్మను పట్టుకోవడం నేర్చుకోవాలి. ఇదిగో, కాండానికి అడ్డంగా ఎలా వచ్చిందో! భయపడక్కర్లేదు, చెడినా పోయేదేం లేదు. ఇది ఎవరిదీ కాదు," అంటూ మొరియో కత్తెర తెరిచాడు.

"కొయ్యకండి."

అందరూ వెనక్కి తిరిగారు. మొరియో నవ్వేశాడు. "టీ అక్కడ పెట్టి వెళ్ళు. అది తప్పు కొమ్మ, నీకు తెలీదు."

"తెలుసండీ. తప్పు కొమ్మే." పళ్ళెంతోనే బల్ల దగ్గరికి నడిచింది. "అయినా ఉండనివ్వండి. ఆ చెట్టు నాది."

"నీదేంటే? తోటలో ఉన్నవన్నీ..."

"అది నాది."

ముందు వరసలోని ఓ ముసలావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికే. చిజురు టీ పళ్ళెం మొగుడి ముందు పెట్టి, గిన్నెను రెండు చేతులా ఎత్తుకుంది.

ఆమె గుమ్మం దాటుతుండగా, తెరిచిన కత్తెర పట్టుకునే మొరియో అన్నాడు, "మరి వీళ్ళకి టీ ఎవరు పోస్తారు?"

"మీరే పొయ్యండి. మూడేళ్ళు పోశాక చూద్దాం."