నిప్పు తెచ్చే మనిషి

"నిప్పు తే!"

పెనం మీద రొట్టె వేసి ఇంకా తడిచెయ్యి కూడా అద్దలేదు, వాకిట్లోంచి మొగుడి కేక. పొద్దుటినుంచి ఇది ఎన్నోసారో లెక్కపెట్టుకునే ఓపిక కూడా ఈదమ్మకు పోయింది. పట్టుకారుతో నిప్పుకణిక అందుకుని, బూడిద ఊది, అరుగు మీద కూర్చున్న లింగస్వామి ముందు వంగి నిలబడింది. అతను సిగరెట్టు నోట్లో పెట్టుకుని, మెడ చాచి, తాపీగా అంటించుకున్నాడు. ఆమె లోపలికి వచ్చేసరికి రొట్టె మాడింది. తినేటప్పుడు ఆ మాడిన ముక్కే పైకెత్తి చూపించి, "మనసు యాడ వెట్టి చేస్తున్నవే?" అన్నాడు. నీ నోట్లో సిగరెట్టు మీద పెట్టాను, ఇంకెక్కడ పెడతాను అనుకుంది ఈదమ్మ. పైకి అనలేదు. అంటే అత్త మారెమ్మ అందుకుంటుంది, ఇక ఆ మాట పొద్దుగూకే దాకా నలుగుతుంది.

చుట్టల కాలమే నయం. పొద్దున ఒకటి ముట్టిస్తే మధ్యాహ్నం దాకా వచ్చేది, ఆరితే చెవి మీద పెట్టుకుని తన పని తాను చూసుకునేవాడు. పొగాకు ఆరబెట్టి చుట్టలు చుట్టేదీ ఈదమ్మే, పొయ్యిలో అంటించి, రెండు దమ్ములు లాగి, రాజుకున్నాక అతని చేతికిచ్చేదీ ఈదమ్మే. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ పొగకు కళ్లనీళ్లు పెట్టుకుని దగ్గుతుంటే, "అలవాటైతది తియ్" అని నవ్వింది లింగస్వామే. అలవాటైంది. ఆ వాడలో కూలికి పోయే ఆడవాళ్లంతా తాగేవాళ్లే. కలుపు తీసి వచ్చి, వండి పెట్టి, గిన్నెలు తోమి, దొడ్లో రాతి మీద అత్త పక్కన కూర్చుని ఒక చుట్ట తాగితే గానీ ఆమెకు పొద్దు గడిచినట్టుండేది కాదు. పొగ మీద అంత మోజేమీ లేదు. నోట్లో చుట్ట ఉన్నంతసేపు ఎవరూ ఏ పనీ చెప్పేవారు కారు, అదీ సంగతి. ఉత్తగా కూర్చుంటే "ఖాలీ కూసున్నవేందే?" అని లేపే అత్త కూడా, చుట్ట తాగుతుంటే కానీలే అని ఊరుకునేది. చంటిపిల్ల ఏడిస్తే తనే ఎత్తుకునేది.

తర్వాత లింగస్వామికి జడ్చర్ల స్టేషన్‌లో హమాలీ పని దొరికింది. యుద్ధం రోజులు, లడాయికి పోయే ఫౌజు రైళ్లు అక్కడ ఆగేవి. సిపాయిలు సరదాకి ఇచ్చిన సిగరెట్టుతో మొదలై, జేబులో డబ్బీ లేకపోతే చొక్కా తొడుక్కోనట్టే అనిపించే దాకా వచ్చింది. "దునియా అంత గిదే తాగుతాంది. ఇంగ్రీజోడు, జర్మనోడు, జపానోడు ఒకన్నొకడు సంపుకుంటుండ్రు గని అందరి నోట్లె సిగరెట్టే. చెయ్యి వెట్టకుంట మిషినే చుట్టుతదంట!" అని వాడంతా చెప్పుకుని తిరిగాడు.

"ఆళ్లకు నిప్పెవలు తెస్తరు?" అని అడిగింది ఈదమ్మ.

నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. అతను ఎగతాళి అనుకుని కసిరాడు.

చుట్టలు చుట్టే పని తప్పిందని మొదట సంతోషించింది పిచ్చిది. ఈ సిగరెట్టు నాలుగు దమ్ముల్లో అయిపోతుంది, చెయ్యి మళ్లీ డబ్బీ మీదికి పోతుంది. లడాయి పుణ్యమా అని అగ్గిపెట్టె దొరకడం గగనమైంది. దునియా ముందుకు పోతున్నకొద్దీ ఈదమ్మ పొయ్యికీ అరుగుకూ మధ్య తిరగడం ఎక్కువైంది. మిషనుకు చుట్టడం నేర్పిన మహానుభావులు నిప్పు తేవడం ఎందుకు నేర్పలేదో!

మొదట్లో ఒకసారి, అలవాటు కొద్దీ, సిగరెట్టును కూడా పొయ్యిలో అంటించి ఒక దమ్ము లాగి తెచ్చిచ్చింది. లింగస్వామి దాని కొసను చొక్కాకు తుడిచి, "ఎంగిలి చేస్తవా?" అన్నాడు. ఇన్నేళ్లూ ఆమె నోట్లోంచే చుట్ట అందుకున్నవాడు! అంతటితో ఆగాడా? "సిగరెట్టు తాగేటోని పెండ్లాం చుట్ట తాగుతదా? స్టేషన్ల నా ఇజ్జత్ పోతది, బంద్ చెయ్" అన్నాడు. "మొగోడు వద్దన్నంక మానెయ్యరాదే" అంది మారెమ్మ, తన చుట్ట తాను పీలుస్తూ. ముసలిదానితో ఎవరి ఇజ్జతూ పోదు కాబోలు. ఈదమ్మ మానేసింది. ఆ మర్నాటినుంచి దొడ్లో రాతి మీద కూర్చోవడమే ఆలస్యం, నీళ్లు తెమ్మనో, పిల్లను చూడమనో, "ఖాలీ కూసున్నవేందే" అనో ఎవరో ఒకరు. చుట్ట పోతే పోయింది, కూర్చునే హక్కు కూడా దానితోపాటే పోయిందని ఆమెకు ఒళ్లు మండిపోయేది.

రొట్టె మాడిన నాటి సాయంత్రం సాటి హమాలీ గుర్వయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఈదమ్మ నిప్పు పట్టుకుని వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. చూసి చూసి గుర్వయ్యకే పాపమనిపించింది.

"వదినెను ఎన్నిసార్లు తిప్పుతవుర? యాడన్న ఒక అగ్గిపెట్టె సంపాయించుకోరాదు?"

"ఇది ఉండంగ అగ్గిపెట్టెందుకు?" అన్నాడు లింగస్వామి.

కోపంగా అని ఉంటే ఈదమ్మ ఎప్పటిలాగే దిగమింగేది. అతను కోపంగా అనలేదు. రొట్టెలకు పెనం ఉంది, నీళ్లకు కుండ ఉంది అన్నట్టు, ఉన్నమాట చెప్పాడు.

ఆమె లోపలికి పోయి కణికను పొయ్యిలో పడేసింది. దొడ్లోకి వెళ్లి, "అత్తా, ఒక చుట్టియ్యి" అంది. మారెమ్మ ఏదో అనబోయి, కోడలి మొహం చూసి మానుకుంది. రొండిన దోపుకున్న చుట్ట తీసి చేతిలో పెట్టింది. ఈదమ్మ దాన్ని పొయ్యిలో అంటించుకుంది. దొడ్లోకి పోలేదు. తిన్నగా వాకిట్లోకి వచ్చి, అరుగు ఇవతలి కొసన కాళ్లు చాపుకుని కూర్చుని పొగ వదిలింది.

లింగస్వామి గుర్వయ్య ముందు పరువు కూడగట్టుకుని, "ఏందే గిది? లె! లేసి నిప్పు తే!" అన్నాడు.

"నిప్పు పొయ్యిల ఉంది. నేను చుట్ట తాగుతున్న. నువ్వే పోయి తెచ్చుకో."

గుర్వయ్య తలపాగా సర్దుకుంటూ వీధి వైపు చూశాడు. నోట్లో అంటించని సిగరెట్టుతో లింగస్వామి ఎంతసేపని కూర్చుంటాడు? విసురుగా లేచి లోపలికి పోయాడు. గిన్నెలు కదిలిన చప్పుడైంది. ఏదో మూత దొర్లింది.

"పట్టుకారు యాడున్నదే?"

ఈదమ్మ కాళ్లు అలవాటు కొద్దీ లేవబోయాయి. వాటిని మళ్లీ చాపుకుని కూర్చుంది. చుట్ట ఇంకా సగం కూడా కాలేదు.