పద్నాలుగు పేర్ల మెయిల్

2006 మే నెల, ఒక మంగళవారం పొద్దున. ఆర్మూర్‌లో కరెంటు పోయి, ఒక్కసారిగా ఎక్కువ వోల్టేజీతో తిరిగొచ్చింది. బస్టాండు దగ్గరి గల్ఫ్ ఏజెన్సీ ఆఫీసులో మెయిల్ సర్వర్ కాలిపోయింది.

అక్కడ కంప్యూటర్ల పని చూసేది శ్యామల ఒక్కతే. ఆమె తల్లి పసుపు కల్లాల్లో కూలికి పోతుంది. శ్యామల నిజామాబాద్‌లో ఆర్నెల్ల కోర్సు చేసి, మిగిలిందంతా ఈ సర్వర్ మీదే నేర్చుకుంది.

"ఫార్మాట్ చేసి కొత్తగ వెయ్యి. పాత మెయిల్స్ పోతె పోనియ్యి," అన్నాడు మేనేజర్ భూమేశ్వర్.

"డేటా డిస్కు మంచిగనె ఉంది సార్. ఫైళ్లు వేరే మిషన్‌కు మారిస్తె అన్ని మెయిల్స్ వస్తయి."

"నేనేం చెప్పిన? ఫార్మాట్ చెయ్యమన్న."

ఆయన తొందర ఎందుకో శ్యామలకు తెలుసు. రెండు వారాల కిందట ఆఫీసు చిరునామాకు గల్ఫ్‌లోని ఒక క్యాంపు నుంచి మెయిల్ వచ్చింది. కింద పద్నాలుగు పేర్లు. యజమాని పాస్‌పోర్టులు గుంజుకున్నాడని, క్యాంపు దాటనివ్వడం లేదని రాశారు. ఆ పేర్లలో సిరికొండ భోజన్న ఒకడు. అతని భార్య చిన్నక్క అప్పటి నుంచి మూడుసార్లు వచ్చి అడిగింది. మూడుసార్లూ భూమేశ్వర్ "ఏ కబురు రాలె" అని పంపేశాడు. మూడుసార్లూ శ్యామల తల వంచుకుని కూర్చుంది.

ఆ రోజు చిన్నక్క మళ్లీ వచ్చి గుమ్మం పక్కన బెంచీ మీద కూర్చుంది. శ్యామల ఆమె వైపు ఒకసారి చూసి, స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకుంది.

కాలిన సర్వర్‌లోంచి డేటా డిస్కు ఊడదీసి, మూలనున్న పాత మిషన్‌కు తగిలించింది. మెయిల్స్ దాచి ఉంచే డేటాబేస్ ఫైళ్లు రెండింటినీ, వాటి లాగ్ ఫైళ్లతో సహా కాపీ చేసింది. కరెంటు పోయినప్పుడు మధ్యలో ఆగిపోయిన రాతలు ఆ లాగుల్లోనే ఉంటాయి. అవి లేకపోతే డేటాబేస్ తెరుచుకోదు.

"ఏం చేస్తున్నవ్?" భూమేశ్వర్ వెనక నిలబడ్డాడు.

"ఫైళ్లు మారుస్తున్న."

"వద్దన్న గద!" ఆయన కేబుల్ పీకబోయాడు. శ్యామల లేచి మిషన్‌కు అడ్డంగా నిలబడింది.

"ముట్టకుండ్రి సార్. రేపు మెయిల్స్ ఏవని ఓనర్ అడిగితె జవాబు చెప్పాల్సింది నేను. నా పని నన్ను చేసుకోనియ్యుండ్రి."

ఆయన గొణుక్కుంటూ ఓనర్‌కు ఫోన్ చేయడానికి లోపలికి పోయాడు. ఫోన్ ఎంతకూ కలవలేదు.

శ్యామల ఆ పాత మిషన్ మీదే మెయిల్ సర్వర్‌ను కొత్తగా వేసింది. డేటాబేస్ మొదటిసారి తెరుచుకోలేదు. కొత్త సర్వర్‌కు పాత సర్వర్ పేరే, అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. పాత సర్వర్ పేరు ఊరి పేరే కాబట్టి శ్యామల ఆర్మూర్ అని సరిగ్గానే రాసింది. అనుమానమొచ్చి, ఎప్పుడో చేరక తిరిగొచ్చిన ఒక మెయిల్ ప్రింటు వెతికి, దాని మీదున్న సర్వర్ పేరు చూసింది. సర్వర్ మొదట పెట్టినవాడు ఇంగ్లీషులో ఒక అక్షరం తప్పు రాశాడు! మొత్తం తీసేసి, అదే తప్పుతో మళ్లీ వేసింది. మూడు గంటలు పట్టింది. అన్నం డబ్బా విప్పనే లేదు.

ఈసారి తెరుచుకుంది. మెయిల్స్ వరుసగా కనబడ్డాయి. పద్నాలుగు పేర్లది కూడా. చివరి వాక్యం: "మా ఇంటోళ్లకు జర ఈ చిట్టి చూపెట్టుండ్రి."

శ్యామల రెండు ప్రింట్లు తీసి, ఒకటి చిన్నక్క చేతిలో పెట్టింది. "అక్కా, మీ ఆయన రాసిండు. రెండు వారాలాయె వచ్చి. నాకు ఎరుకనే. చెప్పలె. తప్పు నాది."

చిన్నక్క కాయితం అందుకుంది. భర్త పేరు ఎక్కడుందో చూపించమని అడిగి, దాని మీద వేలు పెట్టింది.

"ఆఫీసు కాయితం బయటికిస్తవా? రేపటి నుంచి రాకు!" భూమేశ్వర్ అరిచాడు.

"ఇంటోళ్లకు చూపెట్టుమని రాసిండ్రు సార్. మనం దాసినం. రేపు కాదు, ఇప్పుడే పోతున్న. సర్వర్ నడుస్తుంది, చూస్కోండ్రి."

శ్యామల, చిన్నక్క రెండో ప్రింటు కూడా పట్టుకుని బస్సెక్కి నిజామాబాద్ కలెక్టరేట్‌కు పోయారు. అక్కడి గుమాస్తా రేపు రమ్మన్నాడు. మెయిల్ తీసుకున్నట్టు ముద్ర కొట్టేదాకా కదలమని కౌంటర్ ముందే కూర్చున్నారు. ముద్ర పడింది.

ఆగస్టులో పదకొండు మంది తిరిగొచ్చారు, భోజన్న వాళ్లలో ఉన్నాడు. మిగతా ముగ్గురి కోసం శ్యామల బాల్కొండలోని ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో పని చేసుకుంటూ ఇంకా అర్జీలు పంపుతూనే ఉంది.