సున్నా పెట్టిన గడులు

గ్రైండర్లో ఇడ్లీ పిండి తిరుగుతోంది. పక్కన ల్యాప్‌టాప్‌లో జ్వరం తిరుగుతోంది. తమిళనాడులోని మా కంబైనల్లూరు, చుట్టుపక్కల ఊళ్ల మనుషులు అందులో చుక్కలు. ఎవరు ఎవరిని కలుస్తారో అవి గీతలు. కార్చిచ్చుకైనా, పుకారుకైనా, అంటుజ్వరానికైనా పాకే లెక్క ఒకటేనంటారు నా పీహెచ్‌డీ గైడు. నా లెక్కలో జ్వరం మూడో వారానికే ఆగిపోతుంది. నిజంగా వచ్చినప్పుడు పదకొండు వారాలు వదల్లేదు. తప్పు సమీకరణంలో ఉందనుకుని ఆరు నెలలుగా దాన్నే విప్పి మళ్లీ కడుతున్నాను. శుక్రవారం థీసిస్ ఇవ్వాలి.

"ఇదే కడైసి సంవత్సరం, ఇంకొకటి లేదు. ముగిస్తే ముగించు, లేకుంటే పుస్తకాలు మూటగట్టి ఇల్లు చూసుకో," అన్నాడు మొన్న మా ఆయన ధర్మరాజ్, రసం కోసం కంచం ముందుకు జరుపుతూ. నేను పోశాను. పోసినందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం.

"ఏమే సుగన్యా, ఆ పెట్టె మూసి లే," అంది అత్త. "ఎల్లుండి సత్యకు వళైకాప్పు. పద్నాలుగిండ్లకు బొట్టు పెట్టి పిలిచి రా. మొగోళ్లు పోతే మర్యాదా? ఫోన్ చేస్తే ఎవురొస్తారు?"

సత్య మా ఆడపడుచు, ఏడో నెల. గాజుల వేడుకకు పిలుపు ఆడవాళ్లే చెప్పాలి. కుంకుమ భరిణె పట్టుకుని బయలుదేరాను. ప్రతి ఇంట్లో కూర్చోవాలి, కాఫీ తాగాలి, పసిబిడ్డ ఉంటే ఎత్తుకోవాలి. ఏడో ఇంట్లో సరసు నుదురు నా వేలికి కాలింది.

"రెండు నాళ్లుగా జ్వరంక్కా. అట్లే పాల సొసైటీకి పోయినా, బిడ్డను బడి కాడ విడిచినా, చావింటికీ పోయొచ్చినా," అంది.

నేను చేయి కడుక్కోకుండానే ఎనిమిదో ఇంటికి వెళ్లి ఇంకో నుదుట బొట్టు పెట్టాను. పెట్టాక తెలిసింది, జ్వరాన్ని ఇంటింటికీ మోస్తున్నది నేనేనని. వీధిలోకి వచ్చి భరిణె మూసేశాను.

రెండేళ్ల క్రితం సర్వే ఫారాలు పట్టుకుని తిరిగింది ఈ ఇళ్లకే. ఎవరు ఎక్కడెక్కడికి వెళ్తారని అడిగితే గడప దగ్గర మగవాళ్లే జవాబు చెప్పారు. "ఆడోళ్లు యాడికి పోతారుమా? ఇంట్లోనే ఉండారు." ఆడవాళ్ల గడిలో నేను సున్నా రాసుకున్నాను. నాలుగు వందల ఇళ్లలోనూ అంతే. మా ఇంటి ఫారానికి ధర్మరాజ్ చెప్పాడు. పక్కన నిలబడి నాకు నేనే సున్నా పెట్టుకున్నాను. కంచే చేను మేసింది.

మిగతా ఆరిళ్లకూ వెళ్లలేదు. "పిలవకుండా వచ్చేసినావా? ఊరంతా ఏమనుకుంటాదే!" అని అత్త అరుస్తూనే ఉంది. చేతులు కడుక్కుని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఈ సున్నాలతోనే ఇచ్చేస్తే డాక్టరేట్ వస్తుంది, ఎవరూ కనిపెట్టరు. ఇవ్వకపోతే ఇంకో ఏడాది, ఆ ఏడాదికి ధర్మరాజ్ ఒప్పుకోడు. భయపడుతూనే గైడుకు రాసి పంపాను:

"సార్, శుక్రవారం నేను థీసిస్ ఇవ్వడం లేదు. సమీకరణం సరిగ్గానే ఉంది. ఊళ్లో సగం మందిని ఇళ్లలో పెట్టి తలుపు వేసింది నేనే."